పోవడం తెలిసిన కణాలు

దీపావళికో, సంక్రాంతికో తెల్లవారుజామున నూనె రాసి నలుగు పెట్టి రుద్దితే ఒంటి మీంచి నల్లటి ఉండలు రాలతాయి. పెద్దవాళ్లు దాన్ని మట్టి అంటారు. అందులో మట్టి కొంత ఉన్నమాట నిజమే. నూనె ఉంటుంది, సున్నిపిండి ఉంటుంది. మిగిలిందంతా చర్మం. ఆ ఉండల్లో ఉన్న కణాలు నెల రోజుల కిందట బతికే ఉన్నాయి. చర్మం అడుగున తడిగా, మెత్తగా, కేంద్రకంతో సహా నిక్షేపంగా ఉన్నాయి. పార్వతీదేవి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసిందని వినాయక చవితి కథ చెబుతుంది. ఆ పని ఇప్పటి జీవశాస్త్రవేత్తల వల్ల కూడా కాదు. రాలిపోయిన కణాన్ని ఎవరూ బతికించలేరు. కానీ దాని పుట్టింట్లో, అంటే చర్మం అడుగు వరుసలో మిగిలి ఉన్న కణం చేతికి చిక్కితే మాత్రం తపాలా బిళ్ల అంత ముక్కలోంచి ఒక పిల్లవాడి ఒళ్లంతా కప్పేటంత చర్మాన్ని పెంచగలరు. 2015లో జర్మనీలో అది చేసి చూపించారు కూడా.

రాలిపోయేదీ, ఉండిపోయేదీ ఒకే తల్లి బిడ్డలు. ఒకటి ఎందుకు ఉండిపోతుంది, రెండోది ఎందుకు పైకి బయల్దేరుతుంది, ఎలా చచ్చి కవచమవుతుంది? కాలిన గాయాల వార్డులో పడుకున్న మనిషికి ఇది పాఠ్యపుస్తకంలో ప్రశ్న కాదు. బతుకుతాడా లేదా అన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది.

చర్మం రెండంతస్తుల ఇల్లు. కింది అంతస్తు అంతశ్చర్మం. రక్తనాళాలు అక్కడే ఆగిపోతాయి. వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు కూడా అక్కడిదాకా దిగి ఉంటాయి. పై అంతస్తు బాహ్యచర్మం. అరచేతులు, అరికాళ్లు మినహాయిస్తే దాని మందం చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు. అక్కడికి నెత్తురు రాదు. ముల్లు గీరుకుని తెల్లటి గీత పడినా రక్తం చుక్క కనిపించలేదంటే గాయం పై అంతస్తు దాటలేదన్నమాట. రెండు అంతస్తుల మధ్య ఒక పల్చటి ప్రొటీన్ పొర నేలలా పరుచుకుని ఉంటుంది. దాన్ని ఇంటెగ్రిన్లనే కొక్కేలతో గట్టిగా పట్టుకుని ఒకే వరుసలో నిలబడి ఉండే కణాల్లోనే చర్మపు మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఉన్నాయి. ఆ వరుసలోని కణాలన్నీ మూలకణాలేనా, కొన్నేనా అన్నది మాత్రం శాస్త్రవేత్తల మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న తగాదా.

ఆ నేలను పట్టుకుని ఉన్నంతకాలం కణానికి విభజన చెందే హక్కు ఉంటుంది. కొక్కేలు వదిలిన మరుక్షణం నుంచి దానికి ఒకటే దారి, పైకి. మళ్లీ కిందికి రావడం మామూలుగా జరగదు. ప్రయాణం మొదలుపెట్టగానే కణం బట్టలు మార్చుకుంటుంది. కింద ఉన్నప్పుడు దాని లోపలి అస్థిపంజరం కెరాటిన్-5, కెరాటిన్-14 అనే నారలతో అల్లి ఉంటుంది. ఒక మెట్టు ఎక్కగానే వాటి తయారీ ఆగిపోయి కెరాటిన్-1, కెరాటిన్-10 మొదలవుతాయి. ఇవి మరింత బిరుసైన తాళ్లు. పక్క కణాలతో పట్టు కూడా పెరుగుతుంది. సూక్ష్మదర్శినిలో ఈ పట్టులన్నీ ముళ్లలా కనబడతాయి కాబట్టి దీనికి ముళ్ల పొర అని పేరు పెట్టారు.

ఇంకా పైకి పోతే కాల్షియం పాళ్లు పెరుగుతాయి. ఈ ప్రయాణానికి మైలురాయి కాల్షియమే. ప్రయోగశాల గిన్నెలో కాల్షియం తక్కువగా ఉంచితే చర్మకణాలు అడుగు వరుస బుద్ధితోనే ఉండిపోతాయి, పెంచితే ముదరడం మొదలుపెడతాయి. గుళికల పొర చేరేసరికి కణం తన చావుకు సామగ్రి సమకూర్చుకుంటుంది. కెరాటిన్ తాళ్లను కట్టగట్టే ఫిలాగ్రిన్ తాలూకు గుళికలు ఒకపక్క, కొవ్వు పదార్థాలు నింపిన చిన్న సంచులు మరోపక్క. పై గట్టు చేరుతుండగా సంచులు పగిలి సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కణాల సందుల్లోకి కారతాయి. ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము కణం లోపలి గోడకు లోరిక్రిన్, ఇన్వొలుక్రిన్ లాంటి ప్రొటీన్లను ఒకదానికొకటి విడదీయరానంతగా అతికిస్తుంది. కేంద్రకం కరిగిపోతుంది. నీరు ఇంకిపోతుంది. గుండ్రటి కణం అప్పడంలా పల్చబడుతుంది.

శరీరంలో ఇంకెక్కడైనా కణం చనిపోతే పక్క కణాలు దాన్ని గప్‌చుప్‌గా తినేసి ఆనవాలు లేకుండా చేస్తాయి. ఇక్కడ అలా కాదు. శవాలనే పేర్చి గోడ కడతారు. కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు గచ్చు. పదిహేను, ఇరవై వరసలుండే ఈ గోడే లేకపోతే ఒంట్లో నీరు ఇగిరిపోతుంది, బయటి క్రిములు లోపలికొస్తాయి. రోజూ పై వరస కొద్దికొద్దిగా ఊడిపోతూ ఉంటుంది. అది కూడా దానంతటది చిరిగిపోవడం కాదు. కణాలను కలిపి ఉంచిన మేకులను ఎంజైములు లెక్కగా కోస్తాయి. పాము కుబుసాన్ని ఒక్కసారిగా విడుస్తుంది, మనిషి రోజూ విడుస్తాడు. అంతే తేడా. అడుగు నుంచి బయల్దేరిన కణం రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు మీదపడితే ఇంకాస్త ఎక్కువ. గునపం పట్టే చేతిలో ఒత్తిడికి గోడ మందం పెరిగి కాయలు కాస్తాయి.

ఇక్కడొక పక్కమాట. ముఖం తెల్లబడుతుందని అమ్మే క్రీముల వ్యాపారం ఈ గోడ బయటే జరుగుతుంది. రంగునిచ్చే మెలనిన్ తయారయ్యేది అడుగు వరుసలో ఉండే వేరే కణాల్లో. నల్లవాళ్లకైనా, తెల్లవాళ్లకైనా వాటి సంఖ్యలో పెద్ద తేడా ఉండదు, తయారుచేసే సరుకులోనే తేడా. ఆ కణాలు మెలనిన్‌ను చర్మకణాలకు అందిస్తే, అవి దాన్ని తమ కేంద్రకం మీద గొడుగులా పట్టుకుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి డీఎన్ఏను కాపాడుకోవడానికి. దేశంలో అతి పేరున్న క్రీము 2020లో తన పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాట తీసేసింది. చర్మకణాలకు గొడుగు విలువ ఆ కంపెనీ కంటే చాలా ముందే తెలుసు.

అసలు విషయానికొస్తే, కణం ఎప్పుడు బయల్దేరాలో ఎవరు చెబుతారు? చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉన్న సమాధానం కింది నుంచి తోపులాట. అడుగున మూలకణం విభజన చెందుతుంది, చోటు చాలక ఒకటి పైకి నెట్టబడుతుంది. దీనికి తోడు ఒక కుల వ్యవస్థలాంటి ఊహ కూడా ఉండేది. అరుదుగా విభజన చెందే పెద్ద మూలకణం, దాని కింద కొన్నిసార్లు మాత్రమే విభజన చెంది అలిసిపోయే చిన్న కణాలు. 2007లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఎలుక తోక చర్మంలో కణాలకు రంగు గుర్తులు పెట్టి ఏడాది పాటు వాటి వంశాలను లెక్కగట్టారు. ఆ లెక్కకు రెండు తరగతులు అక్కర్లేదు, ఒకే రకం కణాలు పాచిక వేసినట్టు కొన్ని ఉండిపోతూ, కొన్ని వెళ్లిపోతూ ఉంటే సరిపోతుందని చెప్పారు. 2012లో బ్రస్సెల్స్ బృందం కాదు, నిదానంగా విభజన చెందే అసలు మూలకణాలు వేరే ఉన్నాయి, గాయమైనప్పుడు మరమ్మతు భారం మోసేది అవేనని వాదించింది. తగాదా పూర్తిగా తేలలేదు.

అంతకంటే ఆసక్తికరమైన మాట 2018లో యేల్ విశ్వవిద్యాలయంలోని వాలెంటీనా గ్రెకో ప్రయోగశాల నుంచి వచ్చింది. బతికున్న ఎలుక చెవిలో ఒక్కో కణాన్నీ రోజుల తరబడి చూస్తూ కూర్చుంటే, తోపులాట సిద్ధాంతం తలకిందులైంది. ముందు ఒక కణం వెళ్లిపోతోంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు పక్క కణం విభజన చెంది ఖాళీ భర్తీ చేస్తోంది. సీటు ఖాళీ అయితేనే ఉప ఎన్నిక. కొత్తవాడు పుట్టాడని పాతవాడిని గెంటేయడం లేదు, పాతవాడు వెళ్లాడు కాబట్టి కొత్తవాడు పుడుతున్నాడు. మూలకణాల గురించి ప్రజల్లో ఉన్న ఊహ అంతా పుట్టుక చుట్టూ తిరుగుతుంది. కానీ చర్మం విషయంలో పగ్గాలు పోయేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. పై అంతస్తు కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. పై పొరల్లో కాస్పేస్-8 అనే ప్రొటీన్ తగ్గిపోతే అక్కడి కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 అనే సంకేతాన్ని కిందికి పంపి మూలకణాలను లేపుతాయని, గాయం మానేటప్పుడు జరిగేది ఇదేనని 2009లో కోలిన్ జమోరా బృందం అమెరికాలో కనుగొంది. ఆయన తర్వాత బెంగళూరు వచ్చి ఇన్‌స్టెమ్ సంస్థలో అదే పని కొనసాగించారు.

పోవడంలో తొందరపడితే ఏమవుతుందో సోరియాసిస్ ఉన్నవాళ్లను అడిగితే తెలుస్తుంది. నాలుగు వారాల ప్రయాణం వారం లోపే ముగుస్తుంది. కేంద్రకం కరిగే తీరిక కూడా ఉండదు. సగం ముదిరిన కణాలు వెండి పొలుసులుగా లేచిపోతుంటాయి. అంటువ్యాధి కాని ఈ జబ్బుకు పెళ్లి సంబంధాలు తప్పిపోవడం మాత్రం ఈ దేశపు ప్రత్యేకత. ఫిలాగ్రిన్ జన్యువులో లోపం ఉంటే గచ్చు, ఇటుక రెండూ సరిగా కుదరవు. చర్మం ఎండి పగులుతుంది, చాలామంది పిల్లల్లో ఎగ్జిమాకు అదే దారి తీస్తుంది. ఈ సంగతి స్కాట్లాండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు 2006లో తేల్చారు.

ఇక కొవ్వును సంచుల్లోకి చేరవేసే ఏబీసీఏ-12 జన్యువు రెండు ప్రతులూ చెడిపోతే బిడ్డ ఒళ్లంతా పలకలు పలకలుగా పగిలిన మందపాటి చర్మంతో, తిరగబడ్డ కనురెప్పలతో పుడుతుంది. పత్రికలు, టీవీలు ‘వింత శిశువు’ అని, గ్రహాంతరవాసి అని ఫొటోలు వేస్తాయి. అందులో వింత ఏమీ లేదు. జన్యువు పేరు 2005 నుంచి తెలుసు. అమ్మానాన్నలిద్దరి దగ్గరా ఒక్కో చెడ్డ ప్రతి దాగి ఉండటం వల్ల వచ్చే జబ్బు అది. ఇలాంటివి మేనరికాల్లో బయటపడే అవకాశం ఎక్కువ. తెలుగు జిల్లాల్లో మేనమామకో, మేనత్త కొడుక్కో పిల్లనివ్వడం ఇప్పటికీ ఉన్నదే కాబట్టి ఈ వాక్యం ‘వింత శిశువు’ వార్త కిందైనా వేస్తే కొంత మేలు.

జన్యువులో లోపమేమీ లేకపోయినా, కేవలం తొందరగా పుట్టడం వల్ల గోడ పూర్తికాని పిల్లలున్నారు. తల్లి కడుపులో ఈ మృతకణాల పొర గట్టిపడేది చివరి నెలల్లోనే. ఏడో నెలకు ముందే పుట్టిన బిడ్డ చర్మం ఎర్రగా, జిగటగా, అద్దంలా ఉంటుంది. ఒంట్లో నీరు ఆవిరైపోతుంది, సూక్ష్మక్రిములకు తలుపు తెరిచినట్టే. ఢాకా శిశు ఆసుపత్రిలో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2005లో ‘లాన్సెట్’లో వచ్చాయి. 33 వారాల లోపు పుట్టిన పిల్లలకు రోజూ పొద్దుతిరుగుడు నూనె మృదువుగా రాస్తే ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్ల ముప్పు 41 శాతం తగ్గింది. గచ్చు కొరతను నూనె కొంత పూడ్చిందన్నమాట. అన్ని నూనెలూ ఒకటి కాదు. అదే పరిశోధకులు అంతకుముందు ఎలుకల మీద చూస్తే, ఉపఖండంలో పసిపిల్లలకు విరివిగా రాసే ఆవనూనె గోడను బాగుచేయకపోగా మరింత పాడుచేసింది.

ఇన్ని జబ్బుల్లోనూ అడుగు వరుస మిగిలే ఉంటుంది. అసలు సమస్య ఆ వరుసే కాలిపోయినప్పుడు. టీ ఒలికి బొబ్బ కడితే వారం పది రోజుల్లో కొత్త చర్మం వస్తుంది. ఎక్కడి నుంచి? పైన కాలినా, వెంట్రుకల కుదుళ్లలో లోతుగా దాక్కున్న మూలకణాలు బావిలోంచి ఎక్కినట్టు పైకి పాకి నేలంతా పరుచుకుంటాయి. మంట లోతుకు దిగి కుదుళ్లను కూడా కాల్చేస్తే ఇక ఆ చోట విత్తనం లేదు. చుట్టూ మిగిలిన మంచి చర్మం అంచుల నుంచి పాకి రావాలి. జానెడు గాయానికే అది సాధ్యం కాదు. అందుకే డాక్టర్లు తొడ మీంచో, వీపు మీంచో పల్చటి పొర గీసి, జల్లెడలా చిల్లులు పొడిచి సాగదీసి కాలిన చోట అతికిస్తారు. గీసిన చోట కుదుళ్లు మిగిలి ఉంటాయి కాబట్టి రెండు మూడు వారాల్లో మళ్లీ మొలుస్తుంది. ఒళ్లు సగం కాలితే ఇలా నెట్టుకురావచ్చు. తొంభై శాతం కాలితే గీయడానికి ఏముంటుంది?

ఈ ప్రశ్నకు మొదటి జవాబు అమెరికాలో హోవర్డ్ గ్రీన్ దగ్గర దొరికింది. అంతవరకూ ప్రయోగశాలలో మనిషి చర్మకణాలు పెరిగేవి కావు, గిన్నెలో వేయగానే ముదిరి చచ్చేవి. పోవడం ఒక్కటే తెలిసిన కణాలను ఉండమని ఒప్పించడం ఎలా? 1975లో ఎమ్ఐటీలో గ్రీన్, ఆయన శిష్యుడు జేమ్స్ రైన్‌వాల్డ్ కలిసి ఒక ఉపాయం ప్రకటించారు. విభజన చెందకుండా రేడియేషన్ కొట్టిన ఎలుక కణాలను గిన్నె అడుగున పరిచి, వాటి మీద మనిషి చర్మకణాలు నాటారు. అంతశ్చర్మం స్థానంలో దాయి దొరికినట్టు అవి కుదురుకున్నాయి, పెరిగాయి. 1983లో వయోమింగ్ రాష్ట్రంలో అయిదేళ్లు, ఆరేళ్ల అన్నదమ్ములిద్దరు మంటల్లో చిక్కుకున్నారు. ఒళ్లు 95 శాతం పైగా కాలింది. బోస్టన్ ఆసుపత్రిలో వాళ్ల చంకల్లాంటి చోట మిగిలిన చర్మం నుంచి ముక్క తీసి గ్రీన్ పద్ధతిలో పొరలు పొరలుగా పెంచి సుమారు సగం ఒంటికి అతికించారు. ఇద్దరూ బతికారు. 1984లో ఆ కథ వైద్య పత్రికకెక్కింది.

అయితే గిన్నెలో పెరిగే కణాలన్నీ ఒక్కటి కాదని గ్రీన్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన యాన్ బరాన్‌డాన్ 1987లో చూపించారు. కొన్ని ఒకటి నుంచి లెక్కలేనన్ని తరాలు పెడతాయి. కొన్ని మహా అయితే పదిహేను తరాలు పెట్టి అలిసిపోతాయి. కొన్ని మధ్యరకం. మొదటి రకాన్ని హోలోక్లోన్ అన్నారు. అతికించిన చర్మంలో అవి లేకపోతే నెల రెండు నెలలు బాగుండి తర్వాత పొక్కి ఊడిపోతుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఇటలీకి చెందిన గ్రేజియెల్లా పెల్లెగ్రీని, మిషెల్ డి లూకా 2001లో ఈ రకం కణాల్లో పి-63 అనే ప్రొటీన్ నిండుగా ఉంటుందని, దాన్ని బట్టి మంచి విత్తనాన్ని గుర్తుపట్టవచ్చని చెప్పారు. ఆ ప్రొటీన్ లేని ఎలుకలు అసలు పొరలున్న చర్మమే లేకుండా పుట్టి వెంటనే చనిపోతాయని 1999లోనే తెలిసింది.

జర్మనీలోని బోఖుమ్ నగరానికి 2015 జూన్‌లో వచ్చిన ఏడేళ్ల పిల్లవాడు కాలిన గాయాలతో రాలేదు. సిరియా నుంచి వచ్చిన శరణార్థి కుటుంబం. పుట్టినప్పటి నుంచి చర్మం సీతాకోకచిలుక రెక్కలా చిరిగిపోయే జబ్బు. రెండు అంతస్తుల మధ్య నేలకు బంకలాంటిదైన లామినిన్-332లో ఒక భాగాన్ని తయారుచేసే ఎల్ఏఎమ్‌బీ-3 జన్యువులో లోపం. కొక్కేలున్నాయి, పట్టుకోవడానికి నేల లేదు. ఇన్ఫెక్షన్ సోకి చివరికి 80 శాతం చర్మం ఊడిపోయింది. తండ్రి తన చర్మం ఇచ్చాడు. చర్మం ఒలిచి చెప్పులు కుట్టించినా రుణం తీరదంటారు తెలుగులో. ఈ తండ్రి నిజంగానే చర్మం ఒలిచి ఇచ్చినా కొడుకు ఒళ్లు దాన్ని తిప్పికొట్టింది. ఎంత దగ్గరివాళ్లదైనా పరాయి చర్మం నిలవదు. డాక్టర్లు ఉపశమన చికిత్సకు సిద్ధపడ్డారు. తల్లిదండ్రులు ఇంకేమైనా ఉందా అని అడగడంతో మోడెనాలోని డి లూకాకు కబురు వెళ్లింది.

గజ్జల్లో పొక్కని చోట నుంచి సుమారు నాలుగు చదరపు సెంటీమీటర్ల ముక్క తీశారు. ఆ కణాల్లోకి వైరస్ వాహకంతో మంచి జన్యువు ఎక్కించి గ్రీన్ పద్ధతిలోనే పెంచారు. మొత్తం 0.85 చదరపు మీటర్ల చర్మం తయారైంది. అక్టోబరు, నవంబరు, మళ్లీ జనవరిలో ఆపరేషన్లు. గ్రీన్ అదే ఏడాది తొంభయ్యో ఏట కన్నుమూశారు. 2016 ఫిబ్రవరిలో పిల్లవాడు ఇంటికెళ్లాడు, తర్వాత బడికీ వెళ్లాడు.

వైద్యం ఒక ఎత్తు, దాని నుంచి తెలిసిన సంగతి మరో ఎత్తు. మంచి జన్యువు ఒక్కో కణంలో ఒక్కో చోట అతుక్కుంది కాబట్టి ఆ చోటే ఆ కణం వంశానికి ఇంటిపేరులా పనికొచ్చింది. అతికించిన కొత్తలో వేల ఇంటిపేర్లున్నాయి. నెలలు గడిచేకొద్దీ చాలా వంశాలు అంతరించి, హోలోక్లోన్ల ఇంటిపేర్లే మిగిలాయి. మనిషి చర్మాన్ని కలకాలం నిలబెట్టేది కొద్దిపాటి దీర్ఘాయువు మూలకణాలేనని, మిగతావి వచ్చిపోయేవేనని 2017లో ‘నేచర్’లో రాశారు. కేంబ్రిడ్జి ఎలుకల లెక్కకు ఇది ఎంతవరకు ఎదురు అన్నది వేరే చర్చ. అతికించిన చోట చర్మం అయిదేళ్ల తర్వాత కూడా గట్టిగానే ఉందని 2021లో ప్రకటించారు. జన్యువు ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటే క్యాన్సర్ రావచ్చన్న భయం ఈ పిల్లవాడి విషయంలో అప్పటికి నిజం కాలేదు. ఇలాంటిదే మరో రకం జబ్బుకు సరిదిద్దిన చర్మపు పొరలను 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. ఖరీదు లక్షల డాలర్లలోనే.

ఆ ఖరీదు దగ్గరే ఇండియా కథ మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఈ దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో, తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారు. కిరోసిన్ స్టవ్‌లు, నేల మీద పొయ్యిలు, చీర కొంగులు, కొన్నిసార్లు అత్తవారిళ్లు. వీళ్లలో ఎంతమందికి మోడెనా తరహా ప్రయోగశాల అందుతుంది? పైగా పొర పెరగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. తీవ్రంగా కాలినవాళ్లకు అంత గడువుండదు. పెంచిన చర్మానికి వెంట్రుకలుండవు, చెమట గ్రంథులుండవు. రాజమండ్రి ఎండల్లో చెమట పట్టని ఒళ్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ప్రయోగశాల లేకుండానే పని కానిచ్చే దారి ఒకటి హైదరాబాద్‌లో దొరికింది, చర్మం విషయంలో కాదు, దాని దగ్గరి చుట్టమైన కంటి పై పొర విషయంలో. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉండే మూలకణాలు నల్లగుడ్డును కప్పే పొరను నిరంతరం పుట్టిస్తుంటాయి. తాంబూలం కోసం ఇంట్లో పెట్టుకున్న సున్నం ప్యాకెట్ పిల్లల చేతిలో చిట్లి కంట్లో పడితే ఆ అంచు కాలిపోతుంది, చూపు పోతుంది. ఇటాలియన్లు 1997లో గ్రీన్ పద్ధతిని కంటికి వాడారు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ డాక్టర్లు 2001 నుంచి ఎలుక కణాల ప్రమేయం లేకుండా, మాయపొర మీద, రోగి సొంత సీరంతో పెంచి అతికించారు. 200 మంది రోగుల్లో 71 శాతం మందికి కుదిరిందని 2011లో ప్రకటించారు. మరుసటి ఏడాది వీరేందర్ సంగ్వాన్ బృందం ఇంకో అడుగు వేసింది. అసలు ప్రయోగశాల ఎందుకు? మంచి కంటి అంచు నుంచి తీసిన చిన్న ముక్కను ఎనిమిది, పది తునకలు చేసి కంటి మీద పరిచిన మాయపొరకే జిగురుతో అంటిస్తే, కన్నే గిన్నె అయిపోయింది. ఈ ఆపరేషన్ ఇప్పుడు ఇతర దేశాల్లోనూ చేస్తున్నారు.

చర్మానికి అలాంటి ప్రయత్నం ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఫియోనా వుడ్ చేశారు. చిన్న ముక్కలోని కణాలను ఆపరేషన్ గదిలోనే అరగంటలో విడదీసి గాయం మీద పిచికారీ చేయడం. 2002లో బాలి బాంబు పేలుళ్లలో కాలినవారికి దీన్ని వాడారు. 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. గాయం లోతుగా ఉంటే పిచికారీ ఒక్కటే చాలదు, చిల్లుల చర్మం కూడా కావాలి. ఆ చర్మం తీయడానికి రోగి ఒంటి మీద చోటు మిగిలి ఉండాలి. చోటు లేనప్పుడు, లేదా తీసిన చోటు మళ్లీ మొలిచేదాకా, గాయాన్ని దేనితోనైనా కప్పి ఉంచాలి.

ఇక్కడికొచ్చేసరికి మూలకణాల శాస్త్రం పక్కకు తప్పుకుని, చచ్చిన కణాల గోడే మళ్లీ ముందుకొస్తుంది. చనిపోయినవారి చర్మాన్ని కట్టులా వాడటం. ముంబయి పక్కన ఐరోలీలోని నేషనల్ బర్న్స్ సెంటర్ లాంటివి ఈ పని చేస్తున్నాయి. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంక్ మొదలైంది. కళ్లు దానం చేసేవాళ్లు తెలుగు ఊళ్లలో కనిపిస్తారు కానీ చర్మం అనేసరికి బంధువులు జంకుతారు. శవాన్ని ఒలిచేస్తారని భయం. నిజానికి తీసేది తొడల మీద, వీపు మీద పైపై పల్చటి పొర మాత్రమే. రక్తం కారదు. కట్టు కట్టి అప్పగిస్తారు. చనిపోయిన ఆరు గంటల్లోపు తీయాలి. రక్తం గ్రూపు కలవాల్సిన పనిలేదు. గ్లిజరాల్‌లో వేసి చల్లగా ఉంచితే అయిదేళ్ల దాకా పనికొస్తుంది.

కాలిన ఒంటి మీద పరిస్తే అది అక్కడ మొలవదు, అందుకు కాదు దాన్ని వాడేది. నీరు ఇగిరిపోకుండా, క్రిములు చేరకుండా మూడు వారాలు అటూ ఇటుగా అంటిపెట్టుకుని ఉంటుంది. తర్వాత ఒళ్లు దాన్ని గుర్తుపట్టి వద్దంటుంది, పొరలుగా లేచిపోతుంది. అప్పటికి రోగి తొడ మీద ఒకసారి గీసిన చోట కుదుళ్లలోని కణాలు పైకి పాకి, కొత్త చర్మం కట్టి, రెండోసారి గీయడానికి సిద్ధంగా ఉంటాయి.